ఇంటి పనిముట్లు : కంపించు బ్లేడుతో చిన్నపనులు

గత వర్షకాలమున మా యింట జరిగిన యొక సంగతితో నీ మాసపు ప్రసంగము నారంభించెదము. శ్రావణమాసమున నాలుగు దినములు ముసురు విడువక పట్టినది. స్నానపుగది తలుపు చెమ్మ పీల్చి యుబ్బినది. డెబ్బదియెనిమిదేండ్ల మా యత్తగారు లోపలికి బోయి తలుపు వేసికొనిరి. మరల తీయబోవగా నది రాలేదు. క్రిందిమూల గచ్చునకు బిగిసికొనిపోయినది. ఆ వేళ నింట మగవారెవ్వరును లేరు. ఆమె లోపలినుండి లాగుచు, మేము వెలుపలినుండి త్రోయుచు నరగంట గడచినది. చివరకు పొరుగింటి పిల్లవాడు వచ్చి, ఆమెను గోడవైపునకు జరుగుమని కేకవేసి, భుజము పెట్టి త్రోయగా తలుపు వచ్చినది. అత్తగారు నవ్వుచునే బయటికి వచ్చిరి. కాని నాటినుండి స్నానమునకు బోవునప్పుడు తలుపు దగ్గరగా వేయుట మానివేసిరి. అడిగినచో, "ఈ వయసున నాకు మఱుగెందుకే, అమ్మాయీ!" అనిరి. ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చికొన్నది. జీవితమంతయు మర్యాదతో గడపిన మనిషి, ఒక తలుపుమూల కొఱకు మఱుగును వదలుకొనవలసి వచ్చినది గదా!

వడ్రంగికి కబురంపితిమి. "రేపు వచ్చెదనమ్మా" అనెను. అట్టి రేపులు పదునొకండు గడచినవి. అతనిని దూఱుటకు మాకు నోరాడదు. ఊరిలో పెద్ద యిల్లు కట్టుచున్నారు. అచ్చట దినమంతయు పని యున్నది. మా తలుపు పని గడియసేపటిది. దానికై యతడు వచ్చిపోయినచో సగము దినపు కూలి నష్టము. ఇంటిలోని చిన్నపనులకు మనిషి దొరకకుండుటకు గల కారణ మిదియే. పని చిన్నదగుకొలది పనివాడు దుర్లభుడగును. గోదావరి పుష్కరములకు బంధువులు వచ్చినట్లు, పది చిన్నపనులు కూడినగాని యతడు రాడు.

అట్టి సమయమున మా తమ్ముడు వచ్చి, "అక్కయ్యా, దీనికి వడ్రంగి యెందుకు? నీవే చేసికొనవచ్చును" అని తన పెట్టెలోనుండి యొక చేతియంత్రమును దీసి చూపెను. దాని నంగడివారు మల్టీటూలని పిలుతురు; పూర్తిపేరు ఆసిలేటింగ్ మల్టీటూలు. నాటినుండి నేటివఱకు దానితో మే మనేకపనులు చేసితిమి, కొన్ని తప్పులును జేసితిమి. ఆ రెండింటిని సోదరీమణులకు దెలుపుటయే యీ ప్రసంగము నుద్దేశము.

యంత్రము పనిచేయు విధము

చూపునకది పిడిలావైన పాతకాలపు టార్చిలైటువలె నుండును. కొనయందొక చదునైన బ్లేడు అడ్డముగా బిగింపబడియుండును. బరమావలె నది గిరగిర తిరుగదు. రంపమువలె ముందునకు వెనుకకు నడువదు. కుడియెడమలకు మిక్కిలి స్వల్పముగా నూగును. ఆ యూపు మొత్తము మీద సాధారణముగా 3 లేక 4 డిగ్రీల ప్రాంతమున నుండును. అనగా కంటి కది యూగుచున్నట్లే తోచదు, వణకుచున్నట్లుండును. కాని నిమిషమునకు సుమారు 5,000 మొదలు 20,000 సారులవఱకు నూగుటచేత, దాని పండ్లు చెక్కను కొంచెముకొంచెముగా నమలివేయును.

ఈ చిన్న యూపులోనే దాని గొప్పతన మంతయు నున్నది. గుండ్రముగా తిరుగు రంపపు బిళ్ల ఇరుకుచోట పట్టదు. జారినచో దూరము పోవును. ఇది యట్లు గాక గోడను, గచ్చును ఆనుకొని, వ్రేలు పట్టునంతటి సందులో కూడ, మనము పెట్టిన చోటనే కోయును. అలమర నిలిచియుండగనే దాని వెనుకపలక నడుమ చతురముగా రంధ్రము తీయవచ్చును. మఱియే పనిముట్టుతోనైనను అలమరను విప్పక యీ పని చక్కగా జేయుట కష్టము.

దీని వంశవృక్షము తెలిసికొన్నచో సోదరీమణులకు వింత తోచును. చేయివిఱిగిన పిల్లలకు కట్టిన పిండికట్టును కోసి తీయుటకు వైద్యశాలలలో వాడు యంత్రము దీనికి పూర్వీకురాలు. అమెరికాలో మిచిగన్ రాష్ట్రపు కలమజూ పట్టణమున ఎముకల వైద్యుడైన హోమర్ స్ట్రైకర్ అను నాతడు అట్టి యూగు రంపమును గల్పించి 1947లో పేటెంటు పొందెను. పిమ్మట 1867లో స్థాపింపబడిన ఫైన్ అను జర్మను సంస్థవారు ఈ కంపనమును కార్ఖానాపనులకును, మోటారుకార్ల అద్దములు తీయుటకును, తరువాత మూలలు నున్నచేయుటకును ఉపయోగపఱచి, నేటి రూపమునకు దెచ్చిరి. పేటెంటు గడువు తీరిన పిమ్మట బాష్ మొదలగు ననేకసంస్థలవారు దీనిని చేయసాగిరి. అందుచేతనే యొకప్పుడు పనివారికి మాత్రమే యందుబాటులోనున్న యీ వస్తువు నేడు గృహస్థుల యింటికి వచ్చినది.

ఇచ్చట నొక హెచ్చరిక. పిండికట్టు కోయు వైద్యుడు ఆ రంపమును తన యరచేతికి దాకించి, "చూడు బాబూ, తెగదు" అని బిడ్డకు ధైర్యము చెప్పుటను మనలో ననేకులు చూచియుందురు. గట్టిపిండి కదలదు గావున తెగును. మెత్తని చర్మము రంపముతోపాటు కదలును గావున తెగదు. ఇది చూచియున్న మా మనుమడు, ఇంటి యంత్రమును గూడ నట్లే చేతికి దాకింపబోయెను. అట్లెన్నడును చేయరాదు. ఇంటి యంత్రపు బ్లేడులకు చెక్కను కోయు వాడిపండ్లుండును. ఎముకమీద చర్మము బిగువుగానున్న వ్రేళ్లయొద్ద నవి లోతుగా దెగును. పూర్వీకురాలి సాధుగుణము దీనికి రాలేదు.

ఏ పనికి తగును, ఏ పనికి తగదు

ఇది నాలుగు విధములైన పనులకు మిక్కిలి యక్కఱకు వచ్చును. మొదటిది: తలుపుల, ద్వారబంధముల క్రిందిభాగములను నేలకు సమముగా కోయుట. పాత గచ్చుమీద క్రొత్త టైల్సు పఱచినప్పుడు నేల యెత్తుపెరిగి ద్వారబంధము అడ్డువచ్చును. అప్పుడొక టైలును నేలపై బోర్లించి, దానిపై బ్లేడు నానించి కోసినచో టైలు సరిగా దూరునంత సందు ఏర్పడును. రెండవది: అలమరలలోను, వంటయింటి గూళ్లలోను నీటిగొట్టమునకో, తీగకో రంధ్రము తీయుట. మూడవది: తుప్పుపట్టి తిరుగని మరమేకులను మొదట కోసివేయుట, టైల్సు నడుమ నల్లబడిన పూతను తీయుట, సింకు చుట్టు నెండిపోయిన పాతజిగురును గీకుట. నాలుగవది: కుర్చీ మూలలు, కిటికీ సందులు, చేతివ్రేలు చేరని యంచులు నున్నచేయుట.

దీనికి తగని పనులును గలవు. పొడుగైన పలకను నిలువునా కోయుటకు ఇది పనికిరాదు. వంకర పోవును, దినమంతయు బట్టును. గోడకు బెజ్జము వేయుట బరమాపని. గ్రానైటుబండ, లావైన ఇనుపకమ్మి దీని పాలిటి శత్రువులు. తలుపు నిలువంచు పైనుండి క్రిందివఱకు పట్టుచున్నచో దానికి చిత్రికపట్టు వడ్రంగియే కావలెను. కొంద ఱంగడివారు ఈ యొక్క యంత్రముతో నిల్లంతయు బాగుచేసికొనవచ్చునని చెప్పుదురు. ఆ మాట నమ్మి కొన్నవారి యంత్రము రెండు నెలలకే అటక చేరును.

ఎంచుకొనుట

కొనుటకు ముందు, మీ యింట చేయవలసిన పనుల నొక కాగితముపై వ్రాసికొనుడు. ఐదింటికి తక్కువైనచో కొనవలదు. ఎరువు తెచ్చుకొనుట మేలు. కొనదలచినవారు ఈ క్రింది విషయములు చూడవలెను.

తీగతో నడుచునది, బ్యాటరీతో నడుచునది యని రెండు జాతులు. తీగది వెల తక్కువ, అలసట లేక నడుచును. సాధారణముగా 200 మొదలు 450 వాట్లవఱకు నుండును. ఇంటికి 300 వాట్ల ప్రాంతము చాలును. బ్యాటరీది వెల యెక్కువ. కాని స్నానపుగది వంటి తడిచోట్ల తీగ యీడ్చుకొనిపోవు భయముండదు. ఇదివఱకే మీ యింట బ్యాటరీ బరమా యున్నచో, అదే సంస్థవారి మల్టీటూలును బ్యాటరీ లేకుండ కొన్నచో ధర తగ్గును. రెండింటి బ్యాటరీ యొకటే కాగలదో లేదో ముందుగా నడిగి తెలిసికొనవలెను.

పెట్టెమీద ఊపుకోణము వ్రాసియుండును. ఒకరు 1.6 అనియు, మఱియొకరు 3.2 అనియు వ్రాయుదురు. మొదటిది ఒక ప్రక్కకు నూగు కోణము, రెండవది రెండు ప్రక్కలు కలిపి, రెండును ఒక్కటే. దీనిని గ్రహింపక పెద్ద సంఖ్యను జూచి మోసపోవలదు. కోణ మెక్కువైనచో త్వరగా కోయును, చేతికి వణకు నెక్కువ. తక్కువైనచో నిదానము, చేయి హాయి. నున్నచేయు పని ముఖ్యమైనవారికి తక్కువకోణమే చాలును.

వేగమును హెచ్చించి తగ్గించు చక్రము తప్పక యుండవలెను. చెక్కకు, లోహమునకు, జిగురునకు వేర్వేరు వేగములు కావలెను; ఒకే వేగము గలదానిని కొన్నచో బ్లేడులకే ధనము వ్యయమగును.

బ్లేడు మార్చు పద్ధతిని అంగడిలోనే మన చేతితో చేసి చూడవలెను. కొన్నిటికి ఆరుమూలల చిన్నతాళపుచెవి కావలెను. అది యింట మొదట పోగొట్టుకొను వస్తువు. కొన్నిటికి మీటనెత్తినచో చాలును. ఆ మీట కొన్నిటిలో బిగువుగానుండి స్త్రీల వ్రేళ్లకు లొంగదు. బ్లేడు తగులుకొను భాగము నందును భేదములు గలవు. 2016 ప్రాంతమున ఫైన్, బాష్ సంస్థలవారు కలిసి స్టార్‌లాక్ అను పద్ధతిని తెచ్చిరి. పాతది తెఱచిన రంధ్రముల పద్ధతి. పాతపద్ధతి బ్లేడు స్టార్‌లాక్ యంత్రమునకు పట్టకపోవచ్చును. మీ యూరి యంగడిలో ఏ బ్లేడులు దొరకునో మొదట విచారించి, వానికి తగిన యంత్రమును కొనుట తెలివి. యంత్ర మొక్కసారి కొందుము. బ్లేడులను జీవితాంతము కొనుచుందుము.

చివరకు, దానిని చేతబట్టి రెండు నిమిషములు చాచి నిలువుడు. ఒకటి, ఒకటిన్నర కిలోల బరువు అంగడిలో తేలిక; తలుపువెనుక కూర్చుండి పట్టుకొన్నప్పుడు పెద్దది.

బ్లేడులు

యంత్రముతో వచ్చు పెట్టెలో ముప్పది వస్తువు లుండవచ్చును. వానిలో మనకు నిజముగా కావలసినవి నాలుగైదే. మెత్తని యుక్కు బ్లేడు శుభ్రమైన చెక్కకు, ప్లైవుడ్డుకు మాత్రమే. మేకు తగిలినచో దాని పండ్లు రాలును. రెండు లోహముల బ్లేడు చెక్కను, అందులోని మేకును గూడ కోయును; పాత యిండ్లకు ఇదియే ముఖ్యము. అర్ధచంద్రాకారపు బ్లేడు తిన్ననిగీత కోయుటకు. కార్బైడు గరుకు బ్లేడు టైల్సు సందులకు. పండ్లులేని గీకుడుపట్టీ జిగురునకు. ఇవిగాక గరుకు కాగితమునకు త్రికోణపు దిమ్మ. ఆ కాగితము మూడంచులు సమము గావున, ఒక మొన అరిగినప్పుడు త్రిప్పి రెండవ మొనను, పిదప మూడవదానిని వాడుకొనవచ్చును. మేము మొదట నీ కిటుకు తెలియక మొన యరిగిన కాగితములను పాఱవైచితిమి.

చేతబట్టుటకు ముందు

కొంగు నడుమున దోపుకొనవలెను, జడ ముడివేయవలెను, చేతిగాజులు తీసి ప్రక్కన బెట్టవలెను. బంగారుగాజైనను విద్యుత్తునకు దారి యిచ్చునదే. కన్నులకు అద్దములు, ముక్కునకును నోటికిని ధూళి నాపు మంచి మాస్కు, చెవులలో బిరడాలు ఉండవలెను. చీరచెఱగు ముక్కునకు కట్టుకొన్నచో సన్నని ధూళి యాగదు. ఈ యంత్రము చేయు రొద మిక్సీ రొదకు తీసిపోదు. బ్లేడు మార్చునప్పుడెల్ల ప్లగ్గు తీయవలెను, లేదా బ్యాటరీ నూడదీయవలెను. మీట కట్టితిమి గదా యని యుపేక్షింపరాదు. కోసినవెంటనే బ్లేడు అట్లకాడవలె కాలును, తాకరాదు.

తడినేలపై తీగయంత్రమును వాడరాదు. ఇంటి విద్యుత్పెట్టెలో 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచు స్విచ్చి యున్నదో లేదో విద్యుత్పనివానిచేత చూపించుకొనుట యే యింటికైనను మంచిది. గోడనుగాని, గోడకానిన పలకనుగాని కోయునప్పుడు ఆ వెనుక తీగ, గొట్టము ఉండవచ్చునని తలంచియే పనికి దిగవలెను. స్విచ్చిబోర్డునకు నేరుగా పైనను క్రిందను, ప్రక్కలను కోయబోకుడు. ఆ గది సరఫరా కట్టివేయుడు. పలకమందమెంతయో కొలిచి, బ్లేడుమీద నంతటివఱకు రంగుటేపు అంటించిన, లోతు మించదు.

చేయి తిరుగుట

మొదటి దినమున మేము చేసిన తప్పు చెప్పెదము. రంపమునకు బలము కావలెనను నలవాటుచేత యంత్రమును గట్టిగా నొక్కితిమి. ఐదు నిమిషములలో చెక్క నల్లబడి పొగవచ్చినది, క్రొత్తబ్లేడు మొద్దువాఱినది. కారణమేమనగా, దీని బలము యూపులో నున్నది. గట్టిగా నొక్కినచో యూపు అణగిపోవును. పండ్లు కోయుటకు మాఱుగా రాచుకొని వేడెక్కును. వేడి పండ్ల వాడిని చంపును. చేయవలసిన దేమనగా, యంత్రమును ముందుగా నడిపించి, పిమ్మట బ్లేడు మొనను గీతకు తాకించి, పాలు పొంగునప్పుడు గరిటె త్రిప్పునంత నెమ్మదిగా ప్రక్కప్రక్కలకు జరుపుచు లోనికి దింపవలెను. పొట్టు గాడినుండి వెలికి వచ్చుటకు నప్పుడప్పుడు బ్లేడును పైకి తీయవలెను. రెండుచేతులతో పట్టవలెను. పదినిమిషముల కొకసారి చేతులకు విశ్రాంతి నీయవలెను. ఆ వణకు వ్రేళ్లకు తిమ్మిరి దెచ్చును. తిమ్మిరి వచ్చినచో ఆ దినమునకు పని చాలించుడు.

చెక్కకు వేగము హెచ్చుగాను, లోహమునకు తక్కువగాను బెట్టవలెను. మేకు కోయునప్పుడొక చుక్క నూనె వేసిన బ్లేడు బ్రదుకును. జిగురు గీకునప్పుడు వేగము మిక్కిలి తగ్గింపవలెను. లేకున్న అది కరగి మఱల నంటుకొనును. మొదటి పాఠమును పనికిరాని ప్లైవుడ్డుముక్కమీద నేర్చికొనుడు. పెన్సిలుతో చతురము గీచి, నాలుగు ప్రక్కలు కోసి, నడిమిముక్కను తీయుడు. మూడుసారు లిట్లు చేసినచో చేయి తిరుగును.

మా తలుపు

ఇక తలుపు సంగతి. కోయుటకు ముందు తమ్ముడు, "అక్కయ్యా, బందులు చూచితివా?" అనెను. తలుపు క్రిందపట్టుట కన్నివేళల నుబ్బుటయే కారణము గాదు. పై బందు మరలు వదులైన తలుపు వ్రాలి మూల నేలకు తగులును. అట్టిచో మరలు బిగించినచాలును, కోత యక్కఱలేదు. మావి బిగువుగానే యున్నవి. పిమ్మట గచ్చుమీద ముగ్గుసుద్ద రాచి తలుపును త్రోయగా, తగులుచున్న భాగమునకు సుద్ద యంటినది. ఆఱంగుళముల పొడవు మాత్రమే. అంతవఱకు గీత గీచితిమి.

గది నంతయు తుడిచి యారబెట్టితిమి. తలుపు కదలకుండ చెక్కచీలిక దూర్చితిమి. బ్లేడు క్రింద పలుచని ప్లైవుడ్డుముక్క నుంచితిమి. దానివలన గచ్చు గీతపడకుండుటయే గాక, కోత యంతయు ఒకే యెత్తున సాగినది. మెడవంగిన బ్లేడు గావున నేలకు చదునుగా నానినది. తలుపు మందము అంగుళమున్నర లోపు గావున నొకవైపునుండియే తెగినది. మొత్తము పావుగంట పని. తీసినది వ్రేలిమందము గూడ లేదు.

ఉబ్బిన తలుపును వర్షకాలమున నెక్కువ కోయరాదని గుర్తుంచుకొనవలెను. ఎండలు కాయగానే చెక్క ముడుచుకొనును. అప్పుడు క్రిందసందులో బల్లులు, జెఱ్ఱులు దూరును. అడ్డు తొలగునంతవఱకే తీయవలెను. కోసిన యంచు పచ్చిపుండువంటిది. దానికి రంగు లేదు గావున నీటిని రెట్టింపుగా పీల్చును. తడిచెక్కకు రంగు పట్టదు. అందుచేత తాత్కాలికముగా క్రొవ్వువత్తి రాచి, కార్తికమున చెక్క యారిన పిమ్మట రెండు పూతలు వేసితిమి. ఈ పూత మఱచినవారు మరు శ్రావణమున మఱల కోయవలసివచ్చును.

మేము చేయబోయిన పెద్దతప్పు

తలుపు చక్కబడగానే మాకు ఉత్సాహము హెచ్చినది. అర్ధశతాబ్దికి పైబడిన మా యింటి వీధితలుపులకు రంగుపొరలు లేచియున్నవి. త్రికోణపు దిమ్మకు గరుకుకాగిత మంటించి వాని నన్నిటిని నున్నచేసి క్రొత్తరంగు వేయుదమని కూర్చుంటిమి. ఆ వసారాలోనే పదినెలల మనుమరాలు ప్రాకుచు, దొరకినదెల్ల నోటబెట్టుకొనుచున్నది. అరచేతి వెడల్పు నున్నచేసితిమో లేదో, పిల్లలవైద్యురాలైన మా మేనకోడలు టెలిఫోనులో మాటలాడుచు యంత్రపు రొద విని, ఏమి చేయుచున్నారని యడిగెను. చెప్పగానే, "పిన్నీ, ముందది కట్టేయండి, పాపను లోపలికి తీసికొనిపొండి" అనెను.

కారణము సీసము. పూర్వపు రంగులలో, ముఖ్యముగా చెక్కకును ఇనుమునకును వేయు నిగనిగలాడు రంగులలో, సీస మెక్కువగా గలియుచుండెను. మన దేశమున పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించి సీసముండరాదని 2016లో నియమములు చేసిరి. అవి 2017 నవంబరునుండి అమలునకు వచ్చినవి. కావున నంతకు పూర్వపు రంగులలో సీసము లేదని చెప్పుటకు వీలులేదు. రంగు గోడకో తలుపునకో అంటుకొని కదలక యున్నంతవఱకు భయము తక్కువ. దానిని పొడిగా రాచినచో సన్నని ధూళియై నేలమీదను, బొమ్మలమీదను వ్రాలును. ప్రాకు పిల్ల యా ధూళిని వ్రేళ్లనుండి నోటికి చేర్చుకొనును. సీసము పసిపిల్లల మెదడు పెరుగుదలను చెఱచును. ఇంతవఱకు మంచిదను పరిమితి దానికి లేదని వైద్యులు చెప్పుదురు. గర్భిణులకు నంతే హాని.

మేము వెంటనే పని చాలించి, వసారాను చీపురుతో నూడ్వక తడిగుడ్డతో మూడుమాఱులు తుడిచి, ఆ గుడ్డను పాఱవైచితిమి. పాప బొమ్మలన్నియు కడిగితిమి. స్నానపుగది తలుపు కోసిననాటి పొట్టు గూడ మూలలలో మిగిలియుండునేమో యని అచ్చటను తడిగుడ్డ పెట్టితిమి. తరువాత పాపకు వైద్యశాలలో రక్తపరీక్ష చేయించగా భయపడవలసినది లేదనిరి. ఆ మాట వినువఱకు గడచిన మూడుదినములు మేము మఱవజాలము.

కావున సోదరీమణులకు మా మనవి: పాత రంగును ఈ యంత్రముతో పొడిగా రాచకుడు. లేవని రంగుపై క్రొత్తరంగు వేయుడు. లేచినదానిని నీటితో తడిపి, చేతితోనే గరుకుకాగితము పెట్టి, పిల్లలను గర్భిణులను వేఱొక యింటికి బంపి చేయవలెను, లేదా తెలిసినవారిచేత చేయింపవలెను. పెరటికప్పునకు వేసిన పాతసిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ నార ఉండును. దాని ధూళి యేండ్లు గడచిన పిమ్మట ఊపిరితిత్తులకు వ్యాధి దెచ్చును. ఆ రేకులను దీనితో కోయనే కోయకుడు. టైల్సు సందులు తీయునప్పుడు వచ్చు ఇసుకధూళియు ఊపిరికి మంచిది కాదు. అచ్చట మంచి మాస్కు వేసికొని, కిటికీలు తెఱచి, ధూళిపీల్చు యంత్రమున్నచో ప్రక్కన నడిపి, స్వల్పముగా చేయవలెను. సందు బ్లేడుకంటె సన్ననిదైన ఆ పనికే పూనుకొనరాదు, టైలంచు పెట్లును.

పదిలపఱచుట

పని ముగియగానే గాలిరంధ్రములలోని ధూళిని మెత్తనికుంచెతో తుడిచి, బ్లేడులకు నూనెచేయి రాచి, పిల్లల కందని యెత్తున బెట్టవలెను. బ్యాటరీని వేసవియెండ తగులు కిటికీయొద్ద నుంచరాదు. మా వీధిలో నైదిండ్లవారము కలిసి యొక యంత్రమును కొంటిమి. ఎవరి బ్లేడులు వారివి, యంత్రము ఉమ్మడి. ఎరువు తీసికొన్నవారు శుభ్రముచేసి యిచ్చుట కట్టుబాటు. ఇంతవఱకు తగవు రాలేదు.

ఈ యంత్రము వలన వడ్రంగి యక్కఱ తీరలేదు. అతడు చివరకు వచ్చి మా వీధితలుపు బాగుచేసి, స్నానపుగది తలుపును వంగిచూచి, "ఎవరు కోసిరమ్మా? బాగున్న"దనెను. పెద్దపనికి పెద్దచేయి కావలసినదే. కాని పావుగంట పనికొఱకు పదునొకండు దినములు ఎదురుచూచుట మాత్రము మా యింట తప్పినది. ఏది చేయవచ్చునో తెలిసికొనుట యెంతముఖ్యమో, ఏది చేయరాదో తెలిసికొనుట యంతకంటె ముఖ్యమని పాప మాకు నేర్పినది.

తలుపు కోసిన మఱునాటి యుదయమున అత్తగారు స్నానమునకు బోయిరి. మేము వంటయింట పప్పు కడుగుచుంటిమి. తలుపు దగ్గరగా వేసిన చప్పుడును, వెంటనే గడియ వేసిన చప్పుడును వినవచ్చినవి. మేము మాటలాడక పని చేసికొంటిమి.

సోదరీమణులు తమ యిండ్లలో నెట్టి చిన్నపనులు మిగిలిపోవుచున్నవో మాకు వ్రాసినచో, రాబోవు మాసములలో వానిని గూర్చియు ముచ్చటించెదము.